మా వైపు ఒక్కపొద్దు

మా ఇంట్లో రంజాన్ ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటారు. రోజా అనే మాట మాకు తెలియక కాదు. మసీదులో హజరత్ గారి నోట వినేవాళ్లం, బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట వినేవాళ్లం. ఇంట్లో మాత్రం, ముఖ్యంగా తెల్లవారుజామున మంచం మీద నుంచి లేపేటప్పుడు, అది ఒక్కపొద్దే. "లెగవే, ఒక్కపొద్దుకి టైమైపోతోంది" అంటూ నాయనమ్మ నా కాలి బొటనవేలు పట్టుకుని లాగేది.

మేం దూదేకులవాళ్లం. మా తాతయ్య విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకాడు. మా నాన్న పర్చూరులో పరుపులు, బొంతలు కుడతాడు. మా ఇంట్లో ముద్దూ తిట్టూ అన్నీ తెలుగులోనే. దువాలు మాత్రం అరబ్బీవి. వాటిని కూడా తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుని బట్టీ పట్టాం. మా ఇళ్లల్లో కొన్ని పేర్లు కూడా ఎవరికైనా ఉండగలిగినవే. నా పేరు అలాంటిదే. విన్నవాళ్లు ఏమీ పట్టుకోలేరు.

ఈ ఒక్కపొద్దు అనే మాట వల్ల నేను గుంటూరు హాస్టల్లో పద్నాలుగు రోజులు ఉల్లిపాయ మొహం చూడకుండా బతికాను. అది ఇన్నేళ్ల తర్వాత ఈ వారమే గుర్తొచ్చింది, మా అమ్మాయి వల్ల. పాప పడుకుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

రెండువేల ఒకటిలో డిగ్రీలో చేరాను. పర్చూరు నుంచి గుంటూరు ఎంతో దూరం కాదు. కానీ మా ఇంట్లో ఆడపిల్ల చదువు కోసం ఇల్లు విడిచి వెళ్లడం అదే మొదలు. నాన్న సరేనన్నాడు. నాయనమ్మ సరేననడానికి నాలుగు రోజులు తీసుకుంది. అయిదో రోజు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఏం చదువుతావో నాకు తెలవదు. అర్థం చేసుకునే వయసూ కాదు. నేను ఒక్కటే అడుగుతా. పండక్కి వచ్చినప్పుడు ఎన్ని పోయినయ్యో చెప్పాలి."

"ఏంటి పోయేది నాయనమ్మా?"

"ఒక్కపొద్దులే. నెలలో ఆడదానికి ఎట్టాగూ పోయే రోజులు పోతయ్. అయ్యి తర్వాత పెట్టుకోవచ్చు. అవి కాకుండా ఒక్కటి పోయినా ఇంక నువ్వు ఆ హాస్టల్ మొహం చూడవు. మీ నాన్న పక్కన కూర్చుని పరుపులకి అంచులు కుట్టుకోవడమే."

ఇది బెదిరింపు అని నేననుకోలేదు. మా నాయనమ్మ బెదిరించదు, చెప్తుంది. ఆవిడకు అబద్ధం చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మా నాన్నకు నలభై ఏళ్లు దాటాక కూడా చేతకాలేదు.

హాస్టల్ బ్రాడీపేట లోపలి వీధుల్లో ఒక మూడంతస్తుల ఇల్లు. డెబ్బై మందిమి ఉండేవాళ్లం. నా గదిలో దర్శి అమ్మాయి ఉండేది. వాళ్లది పత్తి, మిరప వేసే కుటుంబం. గొంతు పెద్దది. గదిలో మాట్లాడినా పొలానికి అటు గట్టు మీద ఉన్నవాళ్లని పిలుస్తున్నట్టుండేది. కింద వంటగది పిన్నిది. ఆవిడ ఎవరి పిన్నో ఎవరికీ తెలియదు, అందరం పిన్నీ అనే పిలిచేవాళ్లం. ప్రత్తిపాడు నుంచి వచ్చి ఆ హాస్టల్లో పదేళ్లుగా వండుతోంది. ఉదయం నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే డెబ్బై మందికి టిఫిన్లు తయారయ్యేవరకు ఆవిడ నడుం వాల్చేది కాదు.

దీపావళి అయింది. ఇవాళో రేపో నెలవంక కనిపిస్తుంది. తెల్లవారకముందు నాకు ఎవరు అన్నం పెడతారా అని వారం రోజులుగా అదే దిగులు. గదిలో పొయ్యి పెట్టుకోనివ్వరు. బన్నులు తిని నెలంతా ఉండగలనా? ఆలోచించి ఆలోచించి, ధైర్యం తెచ్చుకుని వంటగదిలోకి వెళ్లాను.

"పిన్నీ, రేపట్నుంచి నెల రోజులు నేను ఒక్కపొద్దు ఉంటాను."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. పిండి చేత్తోనే నా బుగ్గ పట్టుకుంది.

"నెలంతానా! మా తల్లే! సోమవారం ఒక్కటి ఉండమంటేనే కళ్లు తిరుగుతున్నయ్ అంటారమ్మా ఇక్కడి పిల్లలు. కార్తీకమాసం మొత్తం చేసే పిల్లని ఈ హాస్టల్లో ఇదే చూడటం."

కార్తీకమాసం అనేసరికి నాకు అర్థమైంది. హిందువుల ఇళ్లలో ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్కపూట తిని ఉండటం. ఆ ఏడు కార్తీకమూ రంజానూ ఒక్కరోజు అటూ ఇటూగా మొదలయ్యాయి. నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. "కాదు పిన్నీ, మాది రంజాన్" అంటే అయిపోయేది. కానీ ఇంటి నుంచి వచ్చాక ఎవరూ నా బుగ్గ పట్టుకోలేదు. పైగా, కార్తీకానికి అన్నం పెడతానన్న మనిషి రంజాన్‌కి పెట్టనంటుందేమోనని భయం. పెట్టనంటే ఒక్కపొద్దులు పోతాయి. ఒక్కపొద్దులు పోతే చదువు పోతుంది. పరుపుల అంచులు కళ్లముందు కదిలాయి.

"తెల్లారకముందు ఒకసారి తింటాను పిన్నీ. మళ్లీ పొద్దుగూకాకే" అన్నాను.

"తెల్లారకముందా? అదేం ఒక్కపొద్దే?"

"మా వైపు అంతే పిన్నీ."

"పర్చూరు వైపా? సరేలే, ఎవరి పద్ధతి వాళ్లది. తలస్నానం చేసే రా. ఒక్కపొద్దు పిల్లకి చద్దన్నం పెట్టను, వేడిగా వార్చి పెడతా."

అలా మొదలైంది. మొదటి రోజు నాలుగున్నరకి తడి జుట్టుతో వంటగదిలో కూర్చున్నాను. ఇంట్లో అయితే ఆ వేళకి నాయనమ్మ రాత్రి మిగిల్చిన కూరలోంచి ఎముక ఏరి మరీ నా కంచంలో వేసేది. ఇక్కడ పిన్ని వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసింది. పక్కన అరటిపండు. పప్పులో ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. "నీ కోసం గిన్నె కూడా వేరే తోమి పెట్టానమ్మాయ్" అంది. ఇంత భక్తిగా వండిన పప్పు నేను అంతకుముందు తినలేదు, ఆ తర్వాతా తినలేదు. రెండో రోజు మళ్లీ ముద్దపప్పు. మూడో రోజు సొరకాయ, అది కూడా ఉప్పు చూసి చూసి వేసింది.

ఇంకో తిప్పలు దర్శి అమ్మాయితో వచ్చింది. తనూ కార్తీక స్నానాలు చేస్తుందట. నెలంతా తోడు దొరికిందని పొంగిపోయి, నాలుగింటికే దుప్పటి లాగేసి, చన్నీళ్లతో తలస్నానానికి పంపేది. వేడినీళ్లు అడిగితే "కార్తీకంలో వేణ్ణీళ్లేంటే, పుణ్యం కరిగిపోతది" అనేది. నవంబరు చలిలో పళ్లు టకటకలాడుతుంటే నేను మనసులో దువా చదువుకునేదాన్ని. పక్క బాత్‌రూంలోంచి తను శివుడి పేర్లన్నీ అరిచేది. బహుశా చలికే అయ్యుంటుంది.

తను గమనించేది చాలా. "మధ్యాహ్నం మంచినీళ్లు కూడా తాగవేంటే?"

"మా వైపు అంతే."

"ఉమ్ము కూడా మింగవా? మాటిమాటికీ బయటికెళ్తావేంటి?"

"మా వైపు అంతే."

సోమవారం సాయంత్రం తను డాబా మీద నిలబడి నక్షత్రం కోసం చూస్తోంది. సోమవారం ఉపవాసం వాళ్లు నక్షత్రాన్ని చూశాకే తింటారు. ఇంతలో దూరంగా మసీదు మైకులో బాంగు వినిపించింది. నేను చున్నీ కొంగులో దాచుకున్న ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.

"ఒసే, నక్షత్రం రాలేదు ఇంకా!"

"మా వైపు..."

"మీ వైపు నక్షత్రాలు ముందే వస్తయ్యా? పర్చూరు ఏమన్నా వేరే ఆకాశం కిందుందా?"

నవ్వాను. తనూ నవ్వింది. కానీ లోపల నాకు బాగోలేదు. నమాజుకి కూడా తను క్లాసుకెళ్లే దాకా ఆగడం, లేదా డాబా మీద నీళ్లట్యాంకు వెనక్కి వెళ్లడం. ఒక్కోసారి సజ్దాలో నుదురు నేలకి ఆనించి ఉండగా అనిపించేది: వేరే మాసం పేరు చెప్పి తింటున్న అన్నంతో ఉంటున్న ఈ ఒక్కపొద్దు అసలు నాదేనా? పండక్కి నాయనమ్మ "ఎన్ని పోయినయ్యే" అన్నప్పుడు, ఏమీ పోలేదంటే అబద్ధమవుతుందా? ఎవరినైనా అడగాలంటే ఎవరిని అడగాలి?

ఇవన్నీ చాలవన్నట్టు కోడి పచ్చడి ఒకటి. నాయనమ్మ పెద్ద గాజు సీసా నిండా పెట్టి పంపింది. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పాత చున్నీలో చుట్టి దాచాను. కార్తీకం చేస్తున్న పిల్ల పక్కన కూర్చుని తినడానికి మనసొప్పలేదు. బాంగు అయ్యాక ఒక ముక్క కాగితంలో పెట్టుకుని డాబా మీదికి వెళ్లి తినేదాన్ని. అయినా పెట్టె తెరిచిన ప్రతిసారీ గది ఘుమఘుమలాడేది.

దర్శి అమ్మాయి ముక్కు ఎగబీల్చేది. "ఈ గదిలోకి పిల్లి వస్తోందే. ఎవరింట్లోదో కోడిని పట్టుకొచ్చి మంచం కింద పెడుతోంది."

రెండుసార్లు చీపురు పట్టుకుని మంచాల కింద వెతికింది. నేనూ వెతికాను. నా జన్మలో అంత శ్రద్ధగా పిల్లిని ఎప్పుడూ వెతకలేదు.

కార్తీక పౌర్ణమి వచ్చింది. ఆ సాయంత్రం డాబా మీద అందరూ కలిసి మూడువందల అరవై అయిదు ఒత్తులు వెలిగించాలనుకున్నారు, ఏడాదిలో రోజుకొకటి చొప్పున. దర్శి అమ్మాయి "కొట్లో ఒత్తులెందుకు, మా చేలో పత్తి ఉండగా" అని వాళ్లింటి నుంచి పెద్ద సంచి పత్తి తెప్పించింది. అది గింజలతో ఉన్న పత్తి. మధ్యాహ్నం వంటగది ముందు చాప మీద పదిమంది చుట్టూ కూర్చున్నారు. ఒకరు గింజ తీస్తే దూది ఉండ కట్టింది. ఒకరు చేసిన ఒత్తి చూసి దర్శి అమ్మాయి "ఇది ఒత్తా, బొద్దింకా?" అంది. పత్తి పండించే ఊళ్ల పిల్లలే అందరూ. ఒక్కరికీ దూది విప్పడం రాదు.

నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. చిన్నప్పటి నుంచి చేసిన పని, చేతులు ఆగలేదు. చాప మీద కూర్చుని, గింజలు ఒలిచి, దూదిని వేళ్ల మధ్య పొర పొరగా విప్పి, విదిలించి, వెలుతురుకి పట్టి చూసి, అరచేతిలో వేసి నలిపాను. ఒత్తి సన్నగా, సమంగా వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. పిల్లలు పక్కకి జరిగి చోటిచ్చారు. నేను మాట్లాడకుండా చేసుకుపోతున్నాను. రెండొందలు దాటి ఉంటాయి.

పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎప్పట్నుంచి చూస్తోందో తెలియదు.

"అమ్మాయ్, ముక్కుకి ఆ గుడ్డెందుకు కట్టుకున్నావ్?"

చెయ్యి పెట్టి చూసుకున్నాను. చున్నీ ముక్కూ నోరూ మూసి వెనక్కి ముడేసి ఉంది. ఎప్పుడు కట్టుకున్నానో నాకే తెలియదు. మా ఇంట్లో దూది ముట్టుకునే ముందు అందరూ కట్టుకుంటారు, నూగు లోపలికి పోకుండా. అన్నం ముందు చెయ్యి కడుక్కున్నట్టే.

"మా పెళ్లి పరుపు కుట్టడానికి వచ్చినాయన ఇట్టాగే కట్టుకునేవాడు" అంది పిన్ని మెల్లగా. "దూది ఇట్టాగే వెలుతురుకి పట్టి చూసేవాడు. నువ్వు దూదేకులోళ్ల పిల్లవా?"

అందరూ నావైపు చూశారు. ముడి విప్పాను.

"అవును పిన్నీ."

"అయితే నీ ఒక్కపొద్దు..." అంది దర్శి అమ్మాయి.

"రంజాన్‌ది."

పిన్ని రెండు చేతులతో తల కొట్టుకుంది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! రంజాన్ నెలలో పిల్లకి ఉల్లిపాయ లేని కూడు పెట్టాను గదే! పద్నాలుగు రోజులు! మీ వాళ్లు తెల్లారి మాంసం తింటారని మా ఊళ్లో చూడలేదా నేను? సొరకాయ పెట్టానే నీకు! నోరు లేదా? చెప్పొద్దూ?"

"చెప్తే పెట్టరేమోనని..."

పిన్ని మొహం మారింది. అప్పటివరకు ఉన్న నవ్వు లాంటిది పోయింది. "నేను పెట్టననా?" అంది. గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాటకి నాకు సిగ్గేసినంతగా ఆ పద్నాలుగు రోజుల్లో ఎప్పుడూ వెయ్యలేదు.

దర్శి అమ్మాయికి కోపం వచ్చింది. "చన్నీళ్లతో స్నానం చేయించాను కదే నీ చేత! ముందే చెప్తే నిన్ను పడుకోనిచ్చేదాన్ని, నేనొక్కదాన్నే చచ్చేదాన్ని. ఏమన్నా అడిగితే మా వైపు, మా వైపు. పర్చూరులో మా మేనత్త ఉంది తెలుసా? ఉత్తరం కూడా రాశాను, మీ ఊళ్లో కార్తీకం అట్టా ఎందుకు చేస్తారత్తా అని!" అని ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. కళ్లు పెద్దవయ్యాయి. "ఆ పిల్లివి నువ్వేనా?"

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. చాప మీద ఉన్నవాళ్లందరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఒక అమ్మాయి ఒత్తుల వైపు చూసి, "మరి ఇవి..." అంది. మిగతాది అనలేదు. లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఏంటి మరి ఇవి? నువ్వు చేసిన బొద్దింకలు వెలిగిద్దామా? ఆ పిల్ల ఒక్కపొద్దు మీదుండి చేసింది. దర్శి పత్తి, పర్చూరు చెయ్యి. ఇంకా నూటయాభై కావాలి, కానివ్వండి."

చున్నీ మళ్లీ ముక్కుకి కట్టుకుని కూర్చున్నాను. ఈసారి మిగతావాళ్లూ చున్నీలు కట్టుకున్నారు. దొంగల ముఠాలా ఉన్నాం.

సాయంత్రం బాంగు వేళకి పిన్ని డాబా ఎక్కి వచ్చింది. ఆ రోజు ఆవిడకీ ఉపవాసమే. చేతిలో మూత పెట్టిన పళ్లెం, అందులో వేడివేడి ఉల్లిపాయ పకోడీలు. కార్తీకం గిన్నెలకి తగలకుండా పెరట్లో వేరే పొయ్యి పెట్టి వేయించిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చావా పిన్నీ?"

"నాకేం పని. ఉల్లిపాయలు కోశాను" అంది. "తిను. నాకు చంద్రుడు రావాలి, నీకు వచ్చేశాడుగా మైకులో."

పిన్నికి కోపం పూర్తిగా పోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత తెల్లవారుజామున నా పప్పులో వెల్లుల్లి ఘాటుగా తగిలింది. దర్శి అమ్మాయి నాకు వేడినీళ్లు మంజూరు చేసింది. మూడో వారంలో నా అయిదు రోజులు వచ్చి, నమాజూ ఒక్కపొద్దూ ఆపేసి మంచం మీద పడుకుని ఉంటే, తనూ పూజ మానేసి పక్క మంచం మీద పడుకుని ఉంది. "ఇందులో మాత్రం మీ వైపూ మా వైపూ ఒకటేనే" అంది.

పండక్కి ఇంటికెళ్లాను. సంచి దించకముందే నాయనమ్మ అడిగింది. "ఎన్ని పోయినయ్యే?"

"అయిదు. అవి కాక ఒక్కటీ పోలేదు. కానీ నాయనమ్మా, పద్నాలుగు రోజులు వాళ్లు కార్తీకం అనుకుని పెట్టారు. నేను చెప్పలేదు. అవి చెల్లుతాయో లేదో నాకు తెలియదు."

అంతా చెప్పాను. చన్నీళ్లూ, సొరకాయా, నక్షత్రమూ, పిల్లీ. ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఎన్ని చేశావ్?"

"రెండొందల పైనే. అందరం కలిసి మూడొందల అరవై అయిదు."

"ఒత్తి విడిపోయిందా, నిలిచిందా?"

"ఆఖరిదాకా నిలిచి వెలిగినయ్."

నాయనమ్మ ముక్కుపుడక సర్దుకుంది. ఆవిడ సంతోషం అలాగే ఉంటుంది. నాన్న పరుపు కుడుతున్న సూది ఆగింది.

"ఒక్కపొద్దులు చెల్లినయ్" అంది. "నువ్వు ఎవరి కోసం ఉన్నావో ఆయనకి తెలుసు. పోయిందల్లా ఒకటే. అన్నం పెట్టే మనిషిని అనుమానించావు. అది తర్వాత పెట్టుకోవాలి."

తర్వాత పెట్టుకోవడం ఎలాగో కూడా ఆవిడే చెప్పింది. సెలవులయ్యాక నేను ఒక మెత్తటి దిండూ, ఒక డబ్బా సేమియా మోసుకుని హాస్టల్‌కి వెళ్లాను. దిండులో దూది నాయనమ్మ తన చేత్తో విప్పింది. పిన్ని దిండు మీద చెంప ఆనించి చూసి, "మీ నాయనమ్మకి నా మీద కోపం లేదుగా?" అంది. "కోపం నా మీదే" అన్నాను.

విచిత్రం ఏమిటంటే తర్వాత రెండేళ్లు కూడా కార్తీకమూ రంజానూ కలిసే వచ్చాయి. రెండో ఏడు నెలవంక కనిపించిన సాయంత్రం నేనూ దర్శి అమ్మాయీ కలిసి వంటగదిలోకి వెళ్లాం.

"పిన్నీ, రేపట్నుంచి ఒక్కపొద్దు."

పిన్ని తలెత్తకుండానే అడిగింది. "ఏ వైపుది?"

ఇప్పుడు మేం ఒంగోలులో ఉంటున్నాం. పాపకి అయిదేళ్లు. ఈ ఏడు రంజాన్ శ్రావణంలో వచ్చింది. తనూ ఒక్కపొద్దు ఉంటానని పట్టుబట్టింది. అరపూట చాలులే, మధ్యాహ్నం దాకా ఉండు అన్నాను. అన్నాక నాకు నిద్ర పట్టలేదు. పిల్ల సన్నగా ఉంటుంది, కళ్లు తిరిగితే? క్లాసులో ఎవరైనా ఏమన్నా అంటే? బ్యాగులో చిన్న బిస్కెట్ ప్యాకెట్ పెట్టాను. బడి గేటు దగ్గర వంగి, "ఎవరన్నా టిఫినెందుకు తినలేదని అడిగితే ఆకలిగా లేదని చెప్పమ్మా" అన్నాను. స్కూటర్ మీద తిరిగొస్తుంటే ఆ మాట నాకే మళ్లీ వినిపించింది. "మా వైపు అంతే" అన్నట్టే ఉంది.

సాయంత్రం మా అమ్మాయి చెప్పులు విప్పకుండానే చెప్పింది. టిఫిన్ బెల్లు కొట్టగానే బెంచీ ఎక్కి, "మేడం, నేను ఒక్కపొద్దు" అని అరిచిందట. మేడం, "శ్రావణ శనివారమా అమ్మా?" అన్నారట, ఆ రోజు మంగళవారమైనా. "కాదు మేడం, రంజాన్‌ది. మధ్యాహ్నం దాకానే" అందట. పిల్లలందరూ చప్పట్లు కొట్టారట. బిస్కెట్లు బెంచీలో పంచిందట.

నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు ఆవిడకి చెవులు సరిగా వినపడవు. రెండుసార్లు చెప్పించుకుంది.

"బెంచీ ఎక్కిందా?"

"ఎక్కింది."

"అయితే నీ లాగా కాదు" అంది. మళ్లీ తనే, "బిస్కెట్ దాని నోట్లోకి ఏమన్నా పోయిందా?"

"లేదంట నాయనమ్మా. ఒక్కటి కూడా."

"అయితే పోలేదులే" అని, వేరే మాట లేకుండా ఫోన్ పెట్టేసింది.